తొమ్మిదీ ఇరవై

తిరుపతి బాలాజీ కాలనీలో మాకొక జిరాక్స్ షాపు ఉంది. యూనివర్సిటీ పిల్లలు పది దాటితే గానీ రారు. తొమ్మిదికి షట్టర్ ఎత్తి, స్వామి పటానికి అగరొత్తి చూపించి కూర్చుంటే గంటసేపు ఈగలు తోలుకోవడమే. ఆ గంటలోకి షేర్ల ట్రేడింగ్ వచ్చి చేరింది.

తెచ్చింది మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. "మామా, ఇది ఊరికే చెప్పే టిప్ కాదు, లెక్కలేసి రాసింది" అంటూ ఫోన్లో ఒక పరిశోధన పత్రం చూపించాడు. కార్లో జరాటిని, ఆండ్రియా బార్బన్, ఆండ్రూ అజీజ్ అనే ముగ్గురు 2024లో రాశారు. పద్ధతి వింటే చిన్నదే. మార్కెట్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో షేరు తాకిన గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య ఉన్నదే ఓపెనింగ్ రేంజ్. ఆ ఐదు నిమిషాల్లో ధర పెరిగి ఉంటే, గరిష్ఠం దాటగానే కొనాలి. తగ్గి ఉంటే, కనిష్ఠం దాటగానే అమ్మాలి, అంటే చేతిలో లేని షేరు ముందు అమ్మి తర్వాత కొనడం, దాన్నే షార్ట్ అంటారు. స్టాప్‌లాస్, అంటే నష్టం పెరగకుండా బయటికొచ్చేసే ధర, చాలా దగ్గర. 14 రోజుల ఏటీఆర్‌లో (షేరు రోజుకు సగటున కదిలే దూరంలో) పదో వంతు. అది తగలకపోతే మార్కెట్ మూసేదాకా ఉండాలి.

ఓపెనింగ్ రేంజ్ అన్నది కొత్త మాటేం కాదు. టోబీ క్రేబెల్ 1990లోనే దాని మీద పుస్తకం రాశాడు. ఈ ముగ్గురూ కలిపింది షేర్ల ఎంపిక. మొదటి ఐదు నిమిషాల్లో రోజూ వచ్చేదాని కంటే ఎక్కువ వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) వచ్చిన షేర్లలో మొదటి ఇరవైనే తీసుకున్నారు. అలా 2016 నుంచి 2023 దాకా అమెరికా షేర్లలో లెక్కేస్తే 1,600 శాతం పైన లాభం తేలింది. అదే కాలంలో అక్కడి మార్కెట్ సూచీ ఎస్ అండ్ పీ 500 ఇచ్చింది 200 శాతం లోపే. ఏరుకోకుండా అన్ని షేర్లలోనూ ఇదే చేస్తే లాభం చాలా తక్కువ.

మన షేర్ల మీద చూద్దామని వాడు పైథాన్‌లో ప్రోగ్రాం రాశాడు. ఫ్యూచర్స్ కాంట్రాక్టులు నడిచే పెద్ద షేర్లే తీసుకోమన్నాను. చిన్న షేర్లలో షార్ట్ చేశాక అప్పర్ సర్క్యూట్ పడితే, అంటే ధర ఆ రోజు హద్దు తాకి అమ్మేవాళ్లే లేకపోతే, బయటికి రాలేం. మనం ఇవ్వలేని షేర్లను ఎక్స్చేంజ్ మన ఖర్చుతో కొనే ఆక్షన్ దాకా వ్యవహారం పోతుంది. మొదటిసారి ఫలితం చూస్తే ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఏడాదిలో డబ్బు మూడింతలు! రెండు రోజులు ఊహల్లో ఎయిర్ బైపాస్ రోడ్డులో స్థలాలు కూడా చూసుకున్నాం. మూడో రోజు తప్పు దొరికింది. షేర్లు ఎంచడానికి వాడు రోజు మొత్తం వాల్యూమ్ వాడాడు. అంటే సాయంత్రం తెలిసే సంగతితో పొద్దున షేరు కొంటున్నాం. మార్కెట్ తెరిచే 9:15 నుంచి 9:20 దాకా వచ్చిన వాల్యూమ్ మాత్రమే పెట్టి మళ్లీ నడిపితే, ఖర్చులకు ముందు కొంచెం లాభం మిగిలింది. ఆ "ఖర్చులకు ముందు" అన్న మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు.

నెలరోజులు నోట్‌బుక్‌లో ఉత్త ట్రేడ్లు రాసుకుని, తర్వాత అసలు డబ్బుతో దిగాను. ట్రేడుకు లక్ష రూపాయల షేర్లు. ఇంట్లో ఆమె ఊరుకోలేదు. షేర్లలో ఇంట్రాడే (కొన్నది ఆ రోజే అమ్మేయడం) చేసేవాళ్లలో పదిమందికి ఏడుగురు నష్టపోతున్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో చెప్పిన వార్త వాట్సాప్‌లో పంపింది. మిగతా ముగ్గురిలో నేనున్నానని జవాబు పెట్టాను.

మూడు నెలల్లో 64 ట్రేడ్లు. లాభం వచ్చినవి 15. ఈ పద్ధతిలో ఎక్కువసార్లు స్టాప్ తగలడం మామూలే, నాలుగైదు పెద్ద రోజులే మిగతావాటిని మోయాలి. అందుకే ఒక్క రోజు పోయినా దెబ్బే. ఒక పొద్దున సరిగ్గా 9:20కి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అన్నా, హాల్‌టికెట్ ప్రింట్ తియ్, పదికి పరీక్ష!" ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కుంది. అది తీసి ఆమెను పంపి వచ్చేసరికి జాబితాలో పైనున్న షేరు అంచు దాటి ఎక్కడికో పోయింది. ఆ మూడు నెలల్లో అంతగా పెరిగిన షేరు మళ్లీ నాకు దొరకలేదు.

అయినా నన్ను అసలు ముంచింది అది కాదు. నోట్‌బుక్ ధరల ప్రకారమైతే ఆ 64 ట్రేడ్లకు 4,000 రూపాయల లాభం రావాలి. అకౌంట్‌లో చూస్తే 1,900 నష్టం. 501 తాకగానే కొనమని నేను ట్రిగ్గర్ పెడితే ఆర్డర్ 501.30కి పడేది. స్టాప్ దగ్గరా అంతే. 9:20కి ఆ అంచు దగ్గర కాచుకున్నది నేనొక్కడినే కాదు కదా. దాని మీద ఛార్జీలు ఇంకో 5,250.

ఆ ఛార్జీల సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది మా నాయన. పూతలపట్టు దగ్గర చెరకు పెట్టి, బెల్లం వండి, ముప్పై ఏళ్లు చిత్తూరు మండీకి తోలిన మనిషి. ఆదివారం షాపుకొచ్చి, నేను ప్రింట్ తీసి పెట్టుకున్న కాంట్రాక్ట్ నోట్ (బ్రోకర్ పంపే లెక్క చీటీ) కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ఇది మండీ చీటీ మాదిరే ఉందే. కమీషను, హమాలీ, తరుగు... పాట ఎంతకు పోయిందని కాదురా, చేతికెంత వచ్చిందో చెప్పు" అన్నాడు.

కూర్చుని లెక్కేశాం. 500 రూపాయల షేరు 200 కొని అమ్మితే బ్రోకరేజీ రెండు వైపులా కలిపి 40, అమ్మేటప్పుడు 0.025 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 25, స్టాంపు డ్యూటీ 3, ఎక్స్చేంజ్ ఛార్జీ 6, జీఎస్టీ 8. మొత్తం 82, అంటే షేరుకు 41 పైసలు. ఆ షేరు ఏటీఆర్ 12 రూపాయలైతే పత్రం చెప్పిన స్టాప్ దూరం రూపాయి 20 పైసలు. నేను పణంగా పెట్టేదాంట్లో మూడో వంతు గేటు దగ్గరే తీసేసుకుంటున్నారు! అమెరికా లెక్కలో వాళ్లు వేసుకున్న కమీషన్ వంద షేర్లకు 35 సెంట్లు. అంత సన్నని స్టాప్ అక్కడ నిలిచిందంటే ఆ ఖర్చుతోనే. నేను వాళ్ల స్టాప్ తెచ్చుకుని నా ఖర్చు పక్కన పెట్టాను.

అప్పటి నుంచి స్టాప్‌ను రేంజ్ అవతలి అంచుకు జరిపాను. రేంజ్ ఐదు రూపాయలుంటే, అదే 240 రూపాయల రిస్కుకు 48 షేర్లే వస్తాయి, ట్రేడు విలువతో పాటు బ్రోకరేజీ కూడా తగ్గి ఛార్జీలు పాతికకు దిగుతాయి. స్టాప్ మారిస్తే అది పత్రంలోని పద్ధతి కాదని అల్లుడు గొడవ పెట్టుకున్నాడు. వాడు చెప్పిందీ నిజమే. ఇలా 22 ట్రేడ్లు అయ్యాయి, లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇరవై రెండింటిని చూసి పని చేస్తోందని గానీ చేయడం లేదని గానీ నేను చెప్పను.

జులైలో ఆదాయపన్ను రిటర్న్ వేయడానికి ఆడిటర్ దగ్గరికి పోతే ఇంట్రాడే నష్టం స్పెక్యులేషన్ కిందికి వస్తుందని, ఐటీఆర్-3 ఫారం వేయాలని, గడువు లోపల వేస్తే నాలుగేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చని చెప్పాడు. అయితే షాపు ఆదాయంలోంచి తీసేయడానికి కుదరదట, మళ్లీ స్పెక్యులేషన్ లాభంలోంచే తీయాలట. ఫారంలో 7,150 నష్టం రాసి, "నాలుగేళ్లలో ఇంత లాభం చూపిస్తారా సార్?" అని అడిగాడు. ఫీజు 1,500 ఇచ్చి వచ్చేశాను. అది కూడా నోట్‌బుక్‌లో ఖర్చుల కింద రాశాను.