పుణ్యకోటి ప్రదర్శన కోసం నేను పడ్డ పాట్లు

వసూలు చేసిన డబ్బులన్నీ నిన్న రాత్రితో తిరిగి ఇచ్చేశాను. మంట ఇంకా చల్లారలేదు.

మాది బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్. తెలుగు కుటుంబాలు 26 ఉంటాయి. మా అబ్బాయి బడిలో నేర్చుకున్న కన్నడ ‘గోవిన హాడు’ (ఆవు పాట) పాడుతుంటే నా ఒళ్లు పులకరించింది. పులికి మాట ఇచ్చి, దూడకు పాలిచ్చి, చావడానికి తిరిగొచ్చే ఆవు! మన అనంతామాత్యుడు పదిహేనో శతాబ్దంలో భోజరాజీయంలో చెప్పిన గోవ్యాఘ్ర సంవాదమూ ఇదే కథ. బెంగళూరు వాసి రవిశంకర్ దీన్ని ‘పుణ్యకోటి’ పేరుతో సంస్కృతంలో యానిమేషన్ చిత్రంగా తీశారు. జనం ఇచ్చిన చందాలు, ఇళయరాజా సంగీతం దానికి అండ. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మా పిల్లలందరికీ దాన్ని ఒకేచోట చూపించాలనిపించింది.

హాలు అయిదు నిమిషాల్లో దొరికింది. ప్రొజెక్టరు కింది అంతస్తు వాళ్లు ఇచ్చారు. ఖర్చుల కోసం మనిషికి 50 రూపాయలు వసూలు చేశాను.

ఆదివారం సంఘం సమావేశంలో ఒక వకీలుగారు లేచారు. “హక్కుదారుల అనుమతి తీసుకున్నారా?”

“నాకు నెట్‌ఫ్లిక్స్ చందా ఉంది కదండీ” అన్నాను.

“అది మీ ఇంటివరకే. ఇంతమందిని పోగుచేసి, డబ్బు తీసుకుని చూపిస్తే కాపీరైటు ఉల్లంఘన అవుతుంది.”

నలభై మంది నావైపే చూశారు. పిల్లల కోసం నెల రోజులు తిరిగిన నేను దొంగసొమ్ము తిన్నవాడిలా నిలబడ్డాను. పక్కన మా అబ్బాయి. అన్నిటికన్నా కార్యదర్శి మౌనం నన్ను కోసింది. హాలు రసీదు మీద ‘సినిమా ప్రదర్శన’ అని రాసి సంతకం పెట్టింది ఆయనే. ఆ రోజు అడగలేదు, ఈ రోజు నోరు విప్పలేదు. ఫోను చూసుకుంటూ కూర్చున్నారు.

రాత్రంతా 1957 నాటి చట్టం గురించి చదివాను. వకీలుగారు చెప్పింది నిజమే. నాతో విడిగా చెప్పి ఉండవచ్చు, అది వేరే సంగతి. మీరెవరైనా ఇలాంటి ప్రయత్నం చేస్తే ముందు హక్కుదారులకు రాయండి, వాళ్ల జవాబు కాగితం మీద వచ్చాకే హాలు మాట ఎత్తండి. కార్యదర్శి సంతకాన్ని మాత్రం నమ్ముకోకండి.

చివరికి చందా ఉన్నవాళ్లు ఎవరింట్లో వాళ్లు సినిమా చూశారు. నిన్న సాయంత్రం అదే హాల్లో పిల్లలు గోవిన హాడు పాడారు, నేను భోజరాజీయం పద్యాలు చదివి అర్థం చెప్పాను. నా గొంతు బాగుందని కన్నడ పెద్దాయన ఒకరు రెండుసార్లు అన్నారు. పాట చివర్లో పులి ఎగిరి దూకి ప్రాణం విడుస్తుంది కదా, అలా చావాల్సిన అవసరం ఏముందని పిల్లలు గంటసేపు వాదించుకున్నారు. ఎవరూ ఇంటికి కదల్లేదు.

హాలు డిపాజిట్టు 2,000 రూపాయలు ఇంకా వెనక్కి రాలేదు. రేపు రసీదు పట్టుకుని కార్యదర్శి ఇంటికే వెళ్తాను.