డ్రాగన్ కడుపులో కూర్చుని నడిపే విమానం

2018లో బోన్స్ స్టూడియో తీసిన 'హిసోనే టు మాసోతాన్' 12 ఎపిసోడ్ల అనిమే, అంటే జపాన్ యానిమేషన్ ధారావాహిక. జపాన్ వాయు స్వీయరక్షణ దళం గిఫు స్థావరంలో దాచిన డ్రాగన్ మాసోతాన్, పైకి ఎఫ్-15 యుద్ధవిమానంలా కనిపిస్తుంది. పైలట్‌ను అది నోటితో మింగుతుంది, కడుపే కాక్‌పిట్. జీర్ణరసాలు ఒంటికి తగలకుండా ప్రత్యేక సూట్ తప్పనిసరి. దిగేటప్పుడు డ్రాగన్ కక్కేస్తుంది.

పైలట్ ప్రేమలో పడితేనే అసలు చిక్కు: మనసు చెదిరిన మనిషిని డ్రాగన్ శరీరం అరిగించుకోబోతుంది. కర్తవ్యానికీ మనసుకూ మధ్య నలుగుబాటును ఇలా శరీరధర్మంగా మార్చడం రచయిత్రి మారి ఒకాదా గొప్పతనం. నా దృష్టిలో బలమైన పాత్ర మరో డ్రాగన్ పైలట్ హోషినో ఎరు. యుద్ధవిమాన పైలట్ కావాలన్న కల చెదిరి, తన డ్రాగన్‌ను జీవిగా ఒప్పుకోక 'ఎఫ్-2' అని యుద్ధవిమానం పేరుతోనే పిలుస్తుంది. జపాన్‌లో మహిళలకు యుద్ధవిమానాల దారి తెరుచుకున్నది 2015లోనే కాబట్టి ఆమె కోపం నిజమనిపిస్తుంది.