ప్రీమో దగ్గరే కడుపులు నిండిపోయాయి

ఇటలీలోని బొలోన్యా వచ్చి మూడేళ్లయినా ఇక్కడివాళ్ల పద్ధతిలో పూర్తి భోజనం నేనెప్పుడూ పెట్టలేదు. ఏదో ఒక పాస్తా వండుకుని తినేయడమే. మొన్న అక్కా బావా పిల్లలతో వస్తున్నారనగానే హుషారొచ్చింది. ఆంతిపాస్తో (మొదట పెట్టే చిరుతిళ్లు) నుంచి దోల్చే (చివర్లో తీపి) దాకా అన్నీ వరసగా, ఒక ప్లేటు తీశాకే ఇంకోటి. కింది ఫ్లాట్ పెద్దావిడని కూడా పిలిచాను. ఈ ఊరి వంట నేర్పింది ఆవిడే, అందుకే టెన్షన్ కూడా ఆవిడ వల్లే.

పాస్తాలోకి రగూ అనే మాంసం సాస్ ముందు రోజే చేసిపెట్టాను. పాంచెత్తా (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) కొవ్వు కరిగాక ఉల్లి, క్యారెట్, సెలెరీ, తర్వాత ఖీమా, వైన్, కాస్త టమాటా. పులుపు విరగడానికి పాలు. "మాంసంలో పాలేంటే?" అంది అక్క ఫోన్లో. 1982లో ఇక్కడి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించిన రగూలోనే పాలున్నాయని చెప్తే గానీ ఊరుకోలేదు.

అసలు పని తాల్యతెల్లే, అంటే రిబ్బన్లలాంటి పాస్తా. మనిషికి 100 గ్రాముల పిండి, ఒక గుడ్డు చొప్పున ఏడుగురికి కలిపాను. పొడవాటి కర్రతో ఒత్తుతూ పోతే, కింద చెయ్యి పెడితే వేళ్లు కనిపించేంత పల్చనవ్వాలి. మొదటి రేకు తొందరపడి తడిగానే చుట్టి కోశాను. పోగులన్నీ అతుక్కుని ముద్దయ్యాయి. రెండోదాన్ని అంచులు కాస్త బిరుసెక్కేదాకా ఆరనిచ్చి కోసి, కొసలు పట్టుకుని దులిపితే జలజలా విడిపోయింది. ఆ ఒక్క క్షణం కోసం ఇంకో ఏడు గుడ్లు కొట్టమన్నా కొడతాను. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలట. 1972లో అదే ఛాంబర్‌లో బంగారంతో చేసిన నమూనా కూడా పెట్టారు. నావి రకరకాల సైజులు. పెద్దావిడ చూసింది, ఏమీ అనలేదు.

ఆంతిపాస్తోకి పెట్టిన మొర్తదెల్లా (పంది మాంసం సాసేజ్) ముక్కలూ పార్మిజానో చీజ్ పెచ్చులూ పిల్లలే ఖాళీ చేశారు. తాల్యతెల్లే వచ్చాక బావ రెండోసారి వేయించుకున్నాడు, మూడోసారీ వేయించుకున్నాడు. నేను మురిసిపోతూ వడ్డించానే గానీ, ఇది ప్రీమో, అంటే మొదటి వంటకం మాత్రమే, సెకొందో, అంటే రెండోది ఇంకా ఉందని చెప్పలేదు. పెద్దావిడ ఒక్క చిన్న ప్లేటుతో ఆగి, అడుగున మిగిలిన రగూని రొట్టెముక్కతో తుడుచుకు తింటూ నావంక జాలిగా చూసింది. దాన్ని స్కార్పెత్తా అంటారని చెప్పగానే పిల్లలూ మొదలెట్టారు.

నేను కాచ్చాతోరా చికెన్, రోజ్‌మేరీ బంగాళాదుంపలు తెచ్చి పెట్టేసరికి బల్ల దగ్గర నిశ్శబ్దం.

"ఇంకా ఉందా?" అంది అక్క.

అరగంట ఆగాం. ఎవరూ లేవలేదు. ఎప్పటివో చిన్ననాటి గొడవలు బయటికొచ్చాయి. అక్క ఇటాలియన్ రాకపోయినా పెద్దావిడకి చేతులతో ఏదో చెప్పి నవ్వించింది. తర్వాత తలా ఓ ముక్క తిన్నారు. త్సుప్పా ఇంగ్లేజే అనే తీపికి మాత్రం అందరి కడుపులోనూ చోటు దొరికింది.

చివర్లో బావ, "కాస్త పాలు పోసి కాఫీ ఇస్తావా?" అన్నాడు. భోజనం తర్వాత ఇక్కడ పాల కాఫీ తాగరు. ఇచ్చాను. పెద్దావిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మిగిలిన చికెన్ మర్నాడు మధ్యాహ్నం చల్లగానే తినేశాం, గిన్నెలోంచే.