వాయుగుండం వానలు, ముక్కు దిబ్బడ

కావలిలో వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. మా నెల్లూరు జిల్లాకు అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలదే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే బట్టలు ఆరవు, ఇంట్లో ఎవరో ఒకరికి రొంప పట్టుకుంటుంది. ఈసారి ముందు నాన్నకు, ఆ వెనకే బాబుకు.

నాన్నకు ముక్కు దిబ్బడేసి రాత్రంతా నిద్ర లేదు. పడుకుంటే కఫం గొంతులోకి జారి దగ్గు. తల కింద ఇంకో దిండు పెట్టి ఎత్తు చేశాక, తెల్లవారుజామున కాస్త కునుకు పట్టింది. లేవగానే గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమని ఇచ్చాను. తల వెనక్కి వంచి గరగరలాడించి ఉమ్మేశాక గానీ గొంతు పెగల్లేదు. "ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందమ్మే" అన్నాడు.

తర్వాత ఆవిరి పట్టాడు. "బాబుకూ దుప్పటి కప్పి పట్టియ్యమ్మే, నీళ్లలో కర్పూరం బిళ్ల వెయ్యి" అంది అమ్మ. నేను ఒప్పుకోలేదు. మరిగే నీళ్ల ముందు ఆరేళ్ల పిల్లాడు కుదురుగా కూర్చోడు. గిన్నె ఒలికితే తొడలు బొబ్బలెక్కుతాయి. జలుబు దానంతటదే పోతుంది, కాలిన మచ్చ పోతుందా? కర్పూరమైతే పిల్లలకు అందే చోట ఉంచడమే నాకు భయం, పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి.

వాడికి మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలే వేశాను. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక్కో ముక్కులో రెండేసి చుక్కలు. కాసేపటికి, ముక్కులో ఎండి అట్టకట్టిన చీమిడి మెత్తబడి, తీగలా సాగి బయటికొచ్చింది. ఒక ముక్కు మూసి, రెండోదాంతో మెల్లగా చీదమన్నాను. రెండూ నొక్కిపట్టి గట్టిగా చీదితే చెవిలో పోటు వస్తుంది. ఈ సెలైన్ ఉత్త ఉప్పునీరే, ఎన్నిసార్లయినా వేయొచ్చు. ముక్కు ఇట్టే తెరిచే జైలోమెటాజోలిన్ లాంటి మందు చుక్కలు వేరు. పెద్దవాళ్లయినా వాటిని రోజుల తరబడి వాడితే, మానగానే దిబ్బడ ఇంకా ఎక్కువై కూర్చుంటుంది.

మధ్యాహ్నం మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి చారు కాచాను. నాన్నకు రెండు గుక్కలకే ముక్కు కారడం మొదలైంది. కారనీ, బిగుసుకుని ఉండేకంటే అదే నయం.

సాయంత్రం పక్కింటి అక్క వచ్చి, చీమిడి పచ్చగా ఉంది, యాంటీబయాటిక్ వేసెయ్ అంది. రంగు చూసి ఆ మాత్రలు వేయడం నాకు అసలు ఇష్టం లేదు. మామూలు వైరస్ జలుబులోనూ మధ్యలో చీమిడి పచ్చబడుతుంది, వైరస్ మీద ఆ మందు పని చేయదు. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గి తిరగబెట్టినా, పది రోజులు దాటినా తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. వాళ్లు రాస్తే అప్పుడు వేస్తాను.

నాన్న రాత్రికి కొరమీను పులుసు అడిగాడు. ముక్కుకు వాసన తెలియకుండా అంత పులుసు తిని ఏం లాభం? రెండ్రోజులు ఆగమన్నాను.