ఒప్పుకోవడం వేరు, ఇంట్లో చెప్పడం వేరు

అమెరికాలో పుట్టి పెరిగి కాలేజీలో చదువుకుంటున్న మన పిల్లలను, వేరే జాతివారితో డేటింగ్ గురించి మీరేమనుకుంటున్నారని అడిగితే, అది అడగవలసిన విషయంగానే వారికి తోచదు. "ఎవరిష్టం వారిది, అందులో అనుకోవడానికేముందమ్మా?" అంటుంది మా అమ్మాయి. ఆ మాటలో కపటం లేదని నేను నమ్ముతున్నాను. తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్ళిళ్ళ గురించి ప్రజాభిప్రాయం సేకరించే గ్యాలప్ సంస్థ 1958లో అమెరికన్లను అడిగినప్పుడు సమ్మతించినవారు నూటికి నలుగురే. 2021 నాటికి ఆ సంఖ్య 94కు చేరింది.

ఈ సమ్మతి ఎంత ఇటీవలిదో మాత్రం పిల్లలకు తెలియాలి. జాత్యంతర వివాహం చేసుకున్నందుకు శిక్షపడిన లవింగ్ దంపతుల కేసులో, ఇటువంటి పెళ్ళిళ్ళపై నిషేధం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1967 జూన్ 12న తీర్పు చెప్పేనాటికి ఇంకా 16 రాష్ట్రాలలో ఆ నిషేధం ఉండేది. దక్షిణ కెరొలైనాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం తన విద్యార్థుల మధ్య జాత్యంతర డేటింగ్‌పై ఉన్న నిషేధాన్ని 2000లో గాని ఎత్తివేయలేదు. ఇది మనకు సంబంధం లేని చరిత్రేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కాలిఫోర్నియా పొలాలకు వచ్చిన పంజాబీ రైతులలో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడడానికి, స్వదేశం నుంచి స్త్రీలను రానివ్వని వలస చట్టాలూ తెల్లవారితో పెళ్ళిని అడ్డుకున్న రాష్ట్ర చట్టమూ ప్రధాన కారణాలు.

ఇప్పుడు చట్టం అడ్డు లేదు. అయినా ప్యూ పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 2015లో కొత్తగా పెళ్ళయిన వారిలో వేరే జాతివారిని చేసుకున్నవారు 17 శాతమే. ఆసియా మూలాలవారిలో 29 శాతం. ఎవరు ఎక్కడ నివసిస్తారు, ఎవరికి ఎవరు తారసపడతారు అన్నవి కూడా ఈ అంకెలలో కలిసి ఉంటాయి కనుక దీన్నంతా వివక్ష ఖాతాలో వేయను. కానీ స్నేహితుల విషయంలో ఏ సందేహమూ లేని విద్యార్థి తన విషయానికి వచ్చేసరికి ఎందుకు వెనుకాడతాడో మన ఇళ్ళలో వెతికితే కొంత తెలుస్తుంది.

మన ఇళ్ళలో ఒక వరుస ఉంది. ముందు మన కులం, తరువాత తెలుగువారు, ఆపైన ఇతర భారతీయులు, తప్పదంటే తెల్లవారు. నల్లజాతివారు, ముస్లింలు ఆ వరుస చివరనో, బయటనో ఉంటారు. దీన్ని ఎవరూ పిల్లలకు కూర్చోబెట్టి చెప్పరు. ఎవరి కోడలో తెల్లమ్మాయి అని తెలిసినప్పుడు "చూడడానికి బాగుంది" అని సర్దుకునే గొంతులు, ఇంకొకరి అల్లుడు నల్లజాతి అబ్బాయి అని తెలియగానే ఎలా తగ్గిపోతాయో పక్కగదిలో ఉన్న పిల్లలు వింటారు. అందుకే తమకు నచ్చిన మనిషి గురించి రూమ్మేట్లకు చెప్పిన ఏడాదికి కూడా మనకు చెప్పరు. వాళ్ళకు ధైర్యం లేదని మనం నిందించడం న్యాయం కాదు.

పిల్లల ఇష్టాలూ గాలిలోంచి పుట్టినవి కావు. ఆకర్షణను ఎవరూ శాసించలేరని మా అబ్బాయి వాదిస్తాడు. నిజమే, కానీ చిన్నప్పటి నుంచి తెల్లని రంగునే అందమని చూపించిన సినిమాలూ పెళ్ళి ప్రకటనలూ ఆ ఆకర్షణను తీర్చిదిద్దలేదా అని అడిగితే, కాసేపు ఆలోచించాడు. మా అమ్మాయి బాధ మరొకటి. భారతీయురాలన్న కుతూహలంతో మాత్రమే దగ్గరకు వచ్చేవారిని ఆమె ఇట్టే పసిగట్టి దూరం పెడుతుంది. అది కూడా జాతిని చూడడమేనని ఆమె అంటే నేను కాదనలేను.

మనవలతో తెలుగులో మాట్లాడాలన్నది మా ఇద్దరి కోరిక. దాన్ని పిల్లల దగ్గర దాచలేదు. భాష గురించి దిగులుపడడం తల్లిదండ్రులకు తగినదే. రంగు గురించిన భయాన్ని ఆ దిగులు వెనుక దాచడం మాత్రం తగదు, ఎందుకంటే తెలుగు నేర్చుకోవడానికి ఏ రంగువారికీ అడ్డు లేదు, పైగా తెలుగింటి సంబంధమైనంత మాత్రాన ఇక్కడ తెలుగు నిలవడమూ లేదు.

మా అబ్బాయి స్నేహితురాలు నల్లజాతి అమ్మాయి. ఇండియాలో ఉన్న మా అత్తగారికి ఈ మాట ఎప్పుడు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. "అమెరికన్ అమ్మాయి" అని సరిపెట్టకుండా, ఉన్నదున్నట్టు చెప్పమని వాడు మమ్మల్ని అడిగాడు. అలాగే చెబుతామని వాళ్ళ నాన్న మాట ఇచ్చారు.