ఒక తొలినాటి గెలాక్సీని తూచబోయి భంగపడిన నా అనుభవం

నా సిద్ధాంత గ్రంథంలోని మూడో అధ్యాయానికి నిన్న సాయంత్రం గైడుగారి ఆమోదం దొరికింది. రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచించడం వల్ల దూరపు కాంతి తరంగాలు ఎంత సాగాయో చెప్పే కొలత) 7.8 వద్ద, అంటే విశ్వం వయసు దాదాపు 66 కోట్ల ఏళ్లున్నప్పుడు, ఒక గెలాక్సీలో నక్షత్రాలు ఎంత వేగంగా పుట్టాయో తేల్చడం అందులోని పని. జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక వాటిని దించుకోవడం ఒక పూటలో అయింది. ఒక్కో ఫిల్టర్‌లో కాంతిని కొలవడానికి రెండు వారాలు పట్టింది.

పరాభవం ద్రవ్యరాశి దగ్గర ఎదురైంది. ఒక సీనియర్ ఇచ్చిన స్క్రిప్టును నమ్మి నడిపితే నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి 10,000 కోట్ల సూర్యులకు సమానమని వచ్చింది. మహావిస్ఫోటం నాటి నుంచే లెక్క మొదలుపెట్టినా, ఏటా సగటున 150 సూర్యులంత వాయువు నక్షత్రాలుగా మారి ఉండాలి. మన పాలపుంతలో నేడు ఆ రేటు ఒకటి రెండు సూర్యులే. 2023లో ఇటువంటి భారీ గెలాక్సీల గురించి వెలువడిన పత్రం రేపిన సంచలనం నా తలకెక్కి ఉండటం వల్ల, అనుమానించవలసిన చోట పొంగిపోయాను. విభాగపు సెమినార్‌లో ఆ అంకెను తెరపై పెద్దదిగా చూపగానే మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు లేచి, "అన్నా, 4.4 మైక్రాన్ల ఫిల్టర్‌లో ఆక్సిజన్ గీత పడుతుంది కదా, దాన్ని లెక్కలోకి తీసుకున్నారా?" అని అడిగాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

వేడెక్కిన వాయువులోని ఆక్సిజన్ వెలువరించే 500.7 నానోమీటర్ల ఆ గీత 8.8 రెట్లు (రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపితే వచ్చే అంకె) సాగి సరిగ్గా అక్కడికే చేరుతుందని నాకు తెలియక కాదు. వాయువు వెలువరించే కాంతిని కలిపే ఆప్షన్‌ను సీనియర్ ఆపేసి ఉంచిన సంగతి నేను చూడలేదు. అప్పుడే పుట్టిన వేడి నక్షత్రాలు చుట్టూ ఉన్న వాయువును వెలిగిస్తే, నా కోడ్ ఆ వెలుగును ధూళి కప్పిన ముసలి నక్షత్రాలదిగా జమకట్టింది. ఆప్షన్ తెరిచాక ద్రవ్యరాశి 1,000 కోట్ల సూర్యులకు దిగింది. ఎవరి స్క్రిప్టునైనా వాడేవారు ముందుగా దాని డీఫాల్టులన్నీ చదవాలి, ఇచ్చినవారు ఎంత పెద్దవారైనా సరే.

వర్ణపటం మాత్రం నన్ను ఆదుకుంది. హెచ్-ఆల్ఫా అనే హైడ్రోజన్ గీత 5.8 మైక్రాన్లకు జారి పరికరం పరిధి దాటిపోయింది కనుక, మరో రెండు హైడ్రోజన్ గీతలైన హెచ్-బీటాను హెచ్-గామాతో పోల్చి ధూళిని సరిదిద్ది, ఏటా 60 సూర్యుల రేటును రాబట్టాను. హైడ్రోజన్ గీతలు సన్నగా ఉన్నాయనీ, కాబట్టి ఆ వెలుగు కృష్ణబిలం చుట్టూ వేగంగా తిరిగే వాయువుది కాదనీ చూపిన పుటలు పూర్తిగా నా స్వంతం.

ఆ స్క్రిప్టు ఇప్పటికీ మా ఉమ్మడి ఫోల్డర్‌లో అదే ఆప్షన్ ఆపేసి ఉంది. సీనియర్‌కు రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు.