భయం, భయభక్తులు, ఆరు నెలల మందు

ఊపిరితిత్తుల క్షయ అని తేలిన రోజు నా బరువు 54 కిలోలు. ఆ బరువుకి ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో రోజుకి నాలుగు మాత్రలు. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు కలిసి ఉంటాయి. 35 నుంచి 49 కిలోల వాళ్లకి మూడు మాత్రలు, 50 నుంచి 64 వరకు నాలుగు, 65 నుంచి 75 వరకు ఐదు. మొదటి రెండు నెలలు ఈ నాలుగు మందులూ పడతాయి. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇస్తారు. ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. జబ్బు చేసిన విశ్వాసికి భయం గురించి మనం చెప్పే మాటలన్నీ చివరికి రేపు పొద్దున ఆ మాత్రలు మింగుతాడా, మానేస్తాడా అన్న దగ్గరే తేలతాయి.

మంచం మీదున్న మనిషికి అందరూ చెప్పే వాక్యం ‘భయపడకుము’. ఆ మాట నిజం. అయితే అదే బైబిల్ దేవునికి భయపడమని కూడా చెబుతుంది. నిర్గమకాండము 20:20లో ఈ రెండూ ఒక్క వచనంలోనే వస్తాయి. సీనాయి కొండ దగ్గర వణికిపోతున్న జనంతో మోషే ముందు భయపడొద్దంటాడు, వెంటనే పాపం చేయకుండా ఉండేలా దేవుని భయం మీకు కలగాలంటాడు. మొదటి భయం జనాన్ని దూరంగా నిలబెట్టింది. వాళ్లు నిజంగానే దూరంగా నిలబడ్డారని ఆ పక్క వచనమే చెబుతుంది. రెండోది మనిషిని దారిలో ఉంచే భయం. మన తెలుగు బైబిల్ అనువాదకులు ఈ తేడాని పట్టుకుని చాలాచోట్ల ‘భయభక్తులు’ అని రాశారు. హీబ్రూలో ‘యిర్ఆ’ అనే ఒకే మాట సందర్భాన్ని బట్టి రెండు అర్థాలూ మోస్తుంది. తెలుగులో ఆ జంటపదం ఉండటం మన అదృష్టం అనుకుంటాను.

క్షయ రోగికి వచ్చే మొదటి భయం చావు గురించి కాదు, శిక్ష గురించి. ‘ఏం పాపం చేశానో’ అన్న మాట రోగి నోట, ఇంట్లోవాళ్ల నోట, ఒక్కోసారి సంఘంలో కూడా వినిపిస్తుంది. క్షయకి కారణం ఒక సూక్ష్మజీవి. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న దాన్ని ప్రకటించాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదని యేసు తేల్చి చెప్పాడు (యోహాను 9:3). మొదటి యోహాను పత్రిక 4:18 ఇంకా సూటిగా ఉంటుంది: ‘భయము దండనతో కూడినది’. శిక్ష పడుతుందేమోనన్న భయం మనిషిని దాక్కునేలా చేస్తుంది. దగ్గు దాచుకుంటాడు, పరీక్ష వాయిదా వేస్తాడు, ఈలోగా ఇంట్లో పిల్లలకి అంటిస్తాడు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా కఫం పరీక్ష చేయించుకోవాలి.

ఆ పరీక్షకి కఫం ఇవ్వడం చాలామందికి సరిగ్గా రాదు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నోరు మామూలు నీళ్లతో పుక్కిలించాలి. ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు లోతుగా గాలి పీల్చి, కాసేపు బిగపట్టి, ఛాతీ లోపలి నుంచి దగ్గాలి. డబ్బాలో పడేది చిక్కగా, కనీసం రెండు మిల్లీలీటర్లు ఉండాలి. పల్చటి ఉమ్మి ఇస్తే జబ్బున్నా లేదని రావచ్చు. ట్రూనాట్, సీబీనాట్ యంత్రాలు కొద్ది గంటల్లోనే జబ్బుందో లేదో చెబుతాయి. రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా వాటిలోనే తెలుస్తుంది.

సంఘానికి ఒక మాట. క్షయ గాలి ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా అంటుకుంటుంది. బల్లారాధన పాత్ర వల్లో, కంచం వల్లో, చేయి కలిపి వందనాలు చెప్పడం వల్లో అంటదు. మందు సరిగ్గా మొదలైతే సాధారణంగా రెండు వారాలకే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. ఆ రెండు వారాలు రోగి మాస్కు పెట్టుకుని కిటికీలు తెరిచిన గదిలో ఉంటే చాలు. ప్రార్థనకి వచ్చేవాళ్లు వాకిట్లో కూర్చుని పాడొచ్చు. రోగిని ఆరు నెలలు వెలివేయాల్సిన అవసరం లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి క్షయ శానటోరియం నడిపిన రోజుల్లో మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ ఆ కాలంలోనే అక్కడ పనిచేశాడు. దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా 1948లో ఆ మదనపల్లెలోనే. మందు లేని కాలంలో మన పక్క ఊళ్లో రోగుల మధ్య బతికినవాళ్లున్నారు. మందు చేతిలో ఉండి మనం దూరం జరిగితే ఎలా?

అసలు ప్రమాదం మూడో నెలలో ఉంది. రెండు నెలలకి దగ్గు ఆగుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. అప్పుడే ఎవరో అంటారు: ‘దేవుడు స్వస్థపరిచాడుగా, సాక్ష్యం చెప్పు. ఇంకా మందులెందుకు, అవిశ్వాసం కాదూ?’ ఆ మాటకి భయపడి మందు మానేసేవాళ్లున్నారు. దేవునికి భయపడినట్టు కనిపించినా, వాళ్లు భయపడింది మనుషులకి. లోపల జరిగేది ఇది: వేగంగా పెరిగే క్రిములు మొదటి వారాల్లోనే చస్తాయి. నిద్రాణంగా, మెల్లగా పెరిగేవి కొన్ని మిగులుతాయి, వాటి కోసమే మిగతా నాలుగు నెలలు. మధ్యలో మానేస్తే మిగిలినవి తిరిగి పెరుగుతాయి, మానుతూ వేసుకుంటూ ఉంటే మందులకి లొంగని రకం తయారయ్యే వీలుంది. అప్పుడు చికిత్స ఇంకా కష్టం.

పదిమంది కుష్ఠరోగులతో యేసు ‘మీరు వెళ్లి మిమ్మును యాజకులకు కనుపరచుకొనుడి’ అన్నాడు (లూకా 17:14). లేవీయకాండము 13 ప్రకారం యాజకుడు చూసి, ఏడు రోజులు ఆగి, మళ్లీ చూసేవాడు. స్వస్థతని పరీక్షకి పెట్టడం అవమానం అనుకోలేదు యేసు. జబ్బుపడ్డ యూదా రాజు హిజ్కియాకి 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా, పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు (యెషయా 38). కాబట్టి రెండో నెల చివర, ఆరో నెల చివర కఫం పరీక్ష చేయించుకోండి. సాక్ష్యం ఆ తర్వాత చెప్పండి.

కొన్ని భయాలు అవసరం కూడా. మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ వల్ల, దానికి భయం అక్కర్లేదు. కాళ్లు తిమ్మిర్లెక్కితే ఐసోనియాజిడ్ వల్ల, దానికి బీ6 విటమిన్ ఇస్తారు. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల రావొచ్చు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా ఇథాంబుటాల్‌ని అనుమానించాలి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కళ్లు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, అన్నం చూస్తేనే వెగటు పుడితే కాలేయం దెబ్బతింటోందేమో. ఆరోజే మందు ఆపి ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లక్షణాలకి భయపడి పరుగెత్తడం అవిశ్వాసం కాదు. తిండి విషయంలో కూడా మొహమాటం వద్దు. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి (2024 నవంబరుకి ముందు 500). గుడ్డు, పప్పు, పల్లీలు, పాలు వాటితో కొనుక్కోవచ్చు.

ఐదో శతాబ్దపు తొలి ఏళ్లలో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్‌గా ఉన్న అగస్టీన్, యోహాను పత్రిక మీద ప్రసంగిస్తూ భయాన్ని సూదితో పోల్చాడు. సూది ముందు దూరుతుంది, దారాన్ని లోపలికి తెస్తుంది, తాను బయటికి వెళ్లిపోతుంది. గుడ్డలో మిగిలేది దారం. ప్రేమే ఆ దారం. అదే ప్రసంగంలో భయాన్ని మందనీ, ప్రేమను ఆరోగ్యమనీ అన్నాడు. ఆరు నెలలు మందు మింగినవాళ్లకి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. దీనికి తోడు కీర్తన 130:4 ఉంది: ‘అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును’. శిక్ష దొరుకుతుంది కాబట్టి భయపడమని రాయలేదు. క్షమాపణ దొరుకుతుంది కాబట్టి భయభక్తులు. నాకు పొద్దున్నే ఖాళీ కడుపున నాలుగు మాత్రలు చేతిలో పెట్టుకున్నప్పుడు చదువుకోవడానికి ఈ ఒక్క వచనం సరిపోయింది.

కోర్సు పూర్తయ్యాక కూడా 6, 12, 18, 24 నెలలకి చూపించుకోమంటారు. మధ్యలో ఏ చిన్న దగ్గొచ్చినా గుండె ఝల్లుమంటుంది. 56వ కీర్తన ‘నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను’ అంటుంది, ఆ దినం వస్తుందని ఒప్పుకునే అంటుంది. వచ్చినప్పుడు ప్రార్థించండి. దగ్గు రెండు వారాలు దాటేదాకా చూడకుండా మళ్లీ కఫం డబ్బా తీసుకుని వెళ్లండి. పొద్దున, నోరు పుక్కిలించి, ఛాతీ లోపలి నుంచి.